ఫిబ్రవరిలో రావలసిన నిరుద్యోగం

అర్థశాస్త్రాన్ని పాఠ్యపుస్తకంలోంచి చెప్పడం పిల్లల మీద జరుగుతున్న దౌర్జన్యమని విద్యాశాఖ ఒక వేసవిలో గ్రహించింది. వేసవి సెలవుల్లో శాఖవారికి తీరిక ఎక్కువ కనుక గ్రహింపులన్నీ వారికి ఆ రోజుల్లోనే కలుగుతుంటాయి. లోకంలో ధరలు పెరుగుతున్నాయి, బ్యాంకులు మునుగుతున్నాయి, వానలు ముంచేస్తున్నాయి. ఇంత సరంజామా ఊరికే దొరుకుతుండగా పిల్లల చేత నిర్వచనాలు బట్టీ పట్టించడం దేనికని శాఖవారు తమను తామే ప్రశ్నించుకున్నారు. ఆలోచన మంచిదే. మంచి ఆలోచన శాఖ చేతిలో పడ్డాక దాని గతి ఏమవుతుందో తెలిసిన పాతకాపులు మాత్రం అప్పుడే కొంచెం దిగులుపడ్డారు.

జూన్‌లో బడి తలుపులు తెరవగానే ఉత్తర్వు వచ్చి పడింది. "ఇకమీదట తొమ్మిదవ తరగతి అర్థశాస్త్రములోని ప్రతి పాఠమును ఒక వర్తమాన ఘటన ద్వారా మాత్రమే బోధించవలెను. ఘటన లేని పాఠము పాఠముగా పరిగణింపబడదు." అంతవరకు బాగానే ఉంది. దాని దిగువన, వార్షిక ప్రణాళికల సంగతి చెప్పేచోట, ఇంకొక వాక్యం ఉంది. రాబోయే విద్యాసంవత్సరంలో ఏ నెలలో ఏ వర్తమాన ఘటన జరగబోతున్నదో ఉపాధ్యాయులు ముందుగా నిర్ణయించి, జూన్ నెలాఖరులోగా పై అధికారులకు సమర్పించి, ఆమోదం పొందవలసి ఉంటుంది.

దొంతులపేట ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పే సుభాషిణి టీచరు ఆ వాక్యాన్ని కళ్లజోడు తుడుచుకుని మరీ చదివింది. ఆవిడకు యాభై ఏడేళ్లు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, చేయించే మనిషి కూడా. ఆవిడ వరండాలోకి వస్తోందంటే పిల్లలతో పాటు కొత్తగా చేరిన మాస్టర్లు సైతం చొక్కా గుండీలు సరిచూసుకునేవారు. ఆవిడ ఆ కాగితం పట్టుకుని ప్రధానోపాధ్యాయుడు సన్యాసినాయుడి గదిలోకి వెళ్లి, జరగబోయేవాటిని ఇప్పుడే ఎలా రాస్తామని అడిగింది.

సన్యాసినాయుడు శాఖలో ముప్ఫై ఏళ్లుగా దెబ్బ తగలకుండా నెట్టుకొచ్చినవాడు. "రాయమన్నారమ్మా, జరిపించమనలేదు కదా. రాసి పడేయండి" అన్నాడు.

ఆవిడ రాసింది. పుస్తకంలో పాఠాలున్న వరసనే ఘటనలు పేర్చుకుంటూ పోయింది. జులైలో ఉల్లిపాయల ధర పెరుగుతుంది, దానితో గిరాకీ, సరఫరాల పాఠం. ఆగస్టులో వరద. సెప్టెంబరులో నూనె ధరలు. అక్టోబరులో రవాణావాళ్ల సమ్మె. అలా నెలనెలా దేశాన్ని ఒక్కొక్క కష్టంలోకి దించుకుంటూ వచ్చేసరికి నిరుద్యోగం ఫిబ్రవరిలో పడింది. ఆ పాఠం పుస్తకం చివర ఉంది మరి. ప్రణాళిక మండలానికి వెళ్లింది, అక్కణ్ణించి జిల్లాకు వెళ్లింది, ఎర్ర సిరా సంతకంతో తిరిగి వచ్చింది. ఆ సంవత్సరం దేశానికి ఏమేం జరగాలో ఆమోదం లభించినట్టయింది.

అయితే జులై రెండో వారంలో దొంతులపేట జూటు మిల్లు మూతపడింది.

ఆ ఊరికి మిల్లే ఆధారం. తొమ్మిదో తరగతిలో సగానికి పైగా పిల్లల తండ్రులు అందులో కార్మికులు. ముడి జనుము దొరకడం లేదని కాగితం అంటించి, గేటుకు తాళం వేసి, యజమాని ప్రతినిధులు జీపెక్కి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ఊళ్లో మగవాళ్లందరూ పగటిపూట కనిపించడం మొదలైంది. పిల్లలకు అదొక వింత. పొద్దున్న బడికి వస్తుంటే అరుగుల మీద తండ్రులు, సాయంత్రం తిరిగి వెళ్తుంటే అవే అరుగుల మీద అదే తండ్రులు.

సుభాషిణి టీచరు బోర్డు మీద ఉల్లిపాయ బొమ్మ వేసి గిరాకీ గురించి చెబుతుండగా లెంక పైడితల్లి లేచి నిలబడింది. ఆ పిల్ల అర్థం చేసుకోవడంలో చురుకు, అడగడంలో అంతకన్నా చురుకు. తండ్రి అప్పలస్వామి మిల్లులో మగ్గం మీద పనిచేసేవాడు.

"టీచర్, ఉల్లిపాయలు సరే గానండి, మా మిల్లెందుకు మూసీసినారండి?"

తరగతి అంతా ఒక్కసారి బల్లల మీద ముందుకు వంగింది. తరగతిలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటవేయడం సుభాషిణి టీచరు జన్మలో ఎరగదు. అయినా ఉత్తర్వును ఉల్లంఘించడమూ ఎరగదు. రేపు చెబుతానని పిల్లను కూర్చోబెట్టి, గంట కొట్టగానే తిన్నగా సన్యాసినాయుడి గదికి నడిచింది.

ఆయన అంతా విని, బల్ల సొరుగు లాగి, ఆమోదించిన ప్రణాళిక తీసి వేలితో వరసలు వెతికాడు. "మిల్లు మూతపడి జనానికి పని పోవడాన్ని ఏమంటాం? నిరుద్యోగం. మనకి నిరుద్యోగం ఫిబ్రవరిలో కదమ్మా."

"వాళ్లకి జులైలోనే వచ్చిందండి."

"వాళ్లు ప్రణాళిక సమర్పించలేదు కదా" అన్నాడు సన్యాసినాయుడు. ఆయన ముఖంలో వెటకారం లేదు. వెటకారం ఉంటే ఆవిడ భరించగలిగేది.

ఆ వారంలోనే మండల విద్యాశాఖాధికారి త్రినాథరావు జులై ఘటనను తనిఖీ చేయడానికి వచ్చాడు. ఆయన తరగతి గదిలోకి పోకుండా ముందు బడి ఎదుట ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లాడు. ఉల్లిపాయలు కొట్టు ముందు రాశిగా పోసి ఉన్నాయి. ధర కిందటి నెల ఎంతో అంతే. పైగా కొట్టువాడు, అయ్యగారు కొత్తవారు కదాని, కాస్త తగ్గించి ఇస్తానన్నాడు. త్రినాథరావు ముఖం మాడిపోయింది. అక్కడే స్కూటరు సీటు మీద కాగితం పెట్టుకుని సంజాయిషీ మెమో రాశాడు. ఆమోదం పొందిన ఘటన నిర్ణీత మాసంలో జరగకపోవడానికి బాధ్యులెవరో తెలపాలన్నది దాని సారాంశం.

ఉల్లిపాయలు తన అధీనంలో లేవని సుభాషిణి టీచరు ఒక్క వాక్యంలో జవాబు రాసి ఇచ్చింది. అధీనంలోకి తెచ్చుకోవడానికి చేసిన ప్రయత్నాలేమిటని రెండో మెమో వచ్చింది. పక్క ఊరి మాస్టరు ఎంత బాధ్యతగా నడుచుకున్నాడో త్రినాథరావు ఆవిడకు వివరించాడు. ఆయన ఊళ్లోని ఇద్దరు కొట్టువాళ్లను బతిమాలుకుని, తనిఖీ జరిగే పూట మాత్రం ఉల్లిపాయలు రెట్టింపు ధరకు అమ్మించాడట. ఆ పూట ఊళ్లో ఎవరూ కూరలో ఉల్లిపాయ వేసుకోలేదు. ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందన్న సూత్రం కూడా దాంతోపాటే రుజువైపోయింది. ఆ మాస్టరుకు ప్రశంసాపత్రం ఇస్తున్నారు.

ఆవిడ ఉల్లిపాయల్ని పక్కన పెట్టి మిల్లు సంగతి ఎత్తింది. ఊళ్లోనే, పిల్లల ఇళ్లలోనే ఇంత పెద్ద ఘటన జరిగి ఉండగా, దాన్ని వదిలేసి జరగని ఘటన గురించి చెప్పడం న్యాయమా అని అడిగింది.

త్రినాథరావు కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడమ్, శాఖ దృష్టిలో ఘటనలు రెండు రకములు. ఆమోదితములు, అనామోదితములు. అనామోదిత ఘటనను బోధించుట క్రమశిక్షణా రాహిత్యము. ఫిబ్రవరి వరకు సదరు తండ్రులు ఉద్యోగస్థులుగానే పరిగణింపబడుదురు."

"పరిగణిస్తే అన్నం ఉడుకుతుందాండి?"

"అది పౌరసరఫరాల శాఖ" అన్నాడు ఆయన.

ఆగస్టులో మండలంలోని సాంఘికశాస్త్ర టీచర్లందరికీ నెలవారీ సమావేశం జరిగింది. సుభాషిణి టీచరు ఆ గదిలో అడుగుపెట్టేసరికి సంతలోకి వచ్చినట్టనిపించింది. జులై మెమోల దెబ్బకు అందరూ దారి కనిపెట్టుకున్నారు. జరగని ఘటన ఉన్నవాళ్లు, జరిగిన ఘటన ఉన్నవాళ్లతో మార్చుకుంటున్నారు. రెండు పాఠశాలలు పరస్పర అంగీకారంతో నెలలు మార్చుకోవచ్చని ఉత్తర్వులో ఎక్కడో ఒక మూల ఉంది. ఏటి ఒడ్డు బడి మాస్టరు దగ్గర నిజమైన వరద ఉంది, ఆయన మంచి పట్టు మీదున్నాడు. ఒక వరద ఇచ్చి ఒక సమ్మె, పైన ఒక పన్నుల పెంపు కావాలంటున్నాడు. కొత్తగా పెళ్లయిన టీచరమ్మ ఒకామె తన బ్యాంకు దివాలాను ఎవరూ తీసుకోవడం లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరో జాలిపడి, దాన్ని రెండు చిన్న ధరల పెరుగుదలలకు మార్పించారు. సరుకుల మార్పిడి విధానం గురించి పుస్తకంలో రాసినవాళ్లెవరూ దాన్ని ఇంత చక్కగా చూసి ఉండరని సుభాషిణి టీచరుకు తోచింది.

నిరుద్యోగం సముద్రం పక్క బడిలో పనిచేసే భీమేశ్వరరావు మాస్టారి దగ్గర దొరికింది. ఆయన ప్రతి ఏడూ పుస్తకాన్ని వెనక నుంచి మొదలుపెట్టే మనిషి. అందుచేత ఆయనకు నిరుద్యోగం సెప్టెంబరులో పడింది. కాని ఆ ఊళ్లో మత్స్యకారులకు సెప్టెంబరులో చేతినిండా పని ఉంటుంది.

"మీది మరీ తాజా సరుకు టీచరుగారూ, మూతబడ్డ మిల్లంటే మాటలా" అంటూ ఆయన బేరానికి దిగాడు. "నా సెప్టెంబరు మీకిస్తాను. మీ ఫిబ్రవరి నాకివ్వండి. కొసరుగా ఆ అక్టోబరు సమ్మె కూడా పారేయండి."

"సమ్మె ఇవ్వను."

"పోనీ, నూనె ధరలు?"

"తీసుకోండి" అంది ఆవిడ. ఇద్దరూ సంతకాలు చేశారు. అలా దొంతులపేటకు సెప్టెంబరు ఒకటో తేదీ నుంచి నిరుద్యోగం అధికారికంగా సంక్రమించింది.

ఆ నెలలో ఆవిడ చెప్పిన పాఠం దొంతులపేటలో చాలాకాలం చెప్పుకుంటారు. పిల్లల్ని తీసుకెళ్లి మిల్లు గేటు దగ్గర నేల మీద కూర్చోబెట్టింది. ఆవిడ తక్కువ మాట్లాడి కార్మికుల చేత ఎక్కువ మాట్లాడించింది. గోనెసంచి ఎలా తయారవుతుందో, ప్లాస్టిక్ సంచి వచ్చి దాన్ని ఎలా పక్కకు నెట్టిందో, జనుము లేదని చెప్పినప్పుడు గోదాములో నిజంగా ఎంత ఉందో, ఒక్కొక్కరూ తమకు తెలిసినది చెప్పారు. తండ్రులు చెబుతుంటే పిల్లలు రాసుకున్నారు. తన తండ్రి తరగతికి పాఠం చెప్పగా వినడం పైడితల్లికి అదే మొదటిసారి. ఆ పిల్ల మెడ ఆ వారమంతా నిటారుగానే ఉంది.

అంతటితో ఊరుకుంటే కథ లేదు. ఆ పాఠం సంగతి పత్రికలో పడింది. పత్రికలో పడిన సంగతి రాష్ట్ర కార్యాలయంలోని వర్తమాన ఘటనల విభాగానికి తెలిసింది. ఆ విభాగపు సంయుక్త సంచాలకులు డాక్టర్ కోదండపాణి స్వయంగా కారు వేసుకుని వచ్చారు.

ఆయన తాళం వేసిన గేటును చాలాసేపు తన్మయంగా చూశారు. తాళాన్ని చేత్తో తాకి చూశారు. తర్వాత కార్మికుల వైపు తిరిగి ఉపన్యసించారు. రాష్ట్రంలో ఎన్నో పాఠశాలలు ఘటనల కొరతతో అలమటిస్తున్న ఈ తరుణంలో, దొంతులపేట తన నిరుద్యోగాన్ని బోధనోపకరణంగా జాతికి అంకితం చేయడం చరిత్రాత్మకమని ఆయన అన్నారు. దీనికి ఆదర్శ సజీవ ఘటన హోదా కల్పిస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. జిల్లాలోని తక్కిన పాఠశాలలన్నీ వంతులవారీగా, మార్చి నెల వరకు, బస్సుల్లో వచ్చి దీన్ని దర్శించాలన్నారు. కార్మికులు చప్పట్లు కొట్టలేదు. త్రినాథరావు అందరి వంతూ తానే కొట్టాడు.

బస్సులు రావడం మొదలైంది. వచ్చిన పిల్లలకు చూడ్డానికి నిరుద్యోగులు ఉండాలి కనుక కార్మికుల్ని బడివేళల్లో గేటు ముందు వరసగా కూర్చోమన్నారు. నవ్వకూడదు. పేకాట ఆడకూడదు. చుట్ట కాలిస్తే పాఠంలో లేని అంశం చొరబడుతుంది. ఎవరు కూర్చున్నారో ఎవరు లేరో రాసుకోవడానికి ఒక గుమాస్తాను వేశారు. ఊళ్లో ఆ పాఠం వల్ల ఉద్యోగం దొరికింది అతనొక్కడికే.

అప్పలస్వామి ఒకరోజు కూర్చోకుండా కొత్తపేటలో గోడ కట్టే పనికి వెళ్లాడు. ఆ రోజే ఒక బస్సు వచ్చింది. ఆ బడి టీచరు లెక్కపెట్టి, నిరుద్యోగి ఒకరు తగ్గారని ఫిర్యాదు రాసింది. త్రినాథరావు అప్పలస్వామిని బడికి పిలిపించి, అతను పని చేయడం వల్ల ఘటన యొక్క పవిత్రత దెబ్బతిన్నదని మందలించాడు.

అప్పలస్వామి తువ్వాలు భుజాన వేసుకుని అంతా నింపాదిగా విన్నాడు. తర్వాత త్రినాథరావును వదిలి, సుభాషిణి టీచరు వైపు తిరిగాడు.

"అమ్మా, పని సెయ్యకపోతే తిట్టినోల్లని సూసినాను. పని సేస్తే తిట్టినోల్లని ఇప్పుడే సూస్తన్నాను. ఇది మీరెట్టిందేనంట కదమ్మా?"

నిజమే. ఫిబ్రవరిలో భద్రంగా పడుకుని ఉన్న నిరుద్యోగాన్ని బేరమాడి, నూనె ధరలు ఎదురిచ్చి మరీ ఊరికి తెచ్చింది తానే.

దసరా ముందు ఒక మంచి మాట వినిపించింది. వరి కోతల కాలం దగ్గరపడింది. ధాన్యం నింపడానికి గోనెసంచులు కావాలి. పెద్ద ఎత్తున సంచుల పని వచ్చేసరికి యజమానికి జనుము ఎక్కడ దొరుకుతుందో చటుక్కున గుర్తుకొచ్చింది. యూనియన్‌వాళ్లతో కూర్చుని మాట్లాడుకున్నాడు. విజయదశమి నాడు ఆయుధపూజ చేసి మిల్లు తెరవడానికి ఉభయులూ ఒప్పుకున్నారు. ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

ఆ ఒప్పందానికి విద్యాశాఖ అభ్యంతరం తెలిపింది. ఆదర్శ ఘటనను మార్చి వరకు సందర్శించడానికి పాఠశాలలకు తేదీలు కేటాయించడమైనదని, బస్సులు మాట్లాడుకోవడమైనదని, ఈ దశలో మిల్లు తెరిస్తే వేలాది విద్యార్థుల భవిష్యత్తు అంధకారబంధురమవుతుందని డాక్టర్ కోదండపాణి కార్మిక శాఖకు రాశారు. పిల్లల భవిష్యత్తు అన్న మాట చూసి కార్మిక శాఖ బెదిరిపోయింది. పిల్లల భవిష్యత్తుకు అడ్డుపడ్డాడని పేరొస్తుందని యజమాని కూడా బెదిరిపోయాడు. మిల్లు పునఃప్రారంభం మార్చి ఆఖరుకు వాయిదా పడింది.

ఈ లోపల మద్రాసు నుంచి మేస్త్రీ దిగాడు. అక్కడ మేడలు కట్టే పనికి మొగుడూ పెళ్లాల్ని జంటలుగా తీసుకుపోతాడు. పెద్దపిల్లలుంటే ఇసక మోయడానికి వాళ్లనూ తీసుకుపోతాడు. దీపావళి మర్నాడు రైలు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి అతని దగ్గరకు వెళ్లి పేర్లు చెప్పి వస్తున్నారు.

పైడితల్లి సాయంత్రం అందరూ వెళ్లాక తరగతి గుమ్మంలో నిలబడింది. "టీచర్, నా టీసీ ఇప్పించండి" అంది.

"ఎందుకు?"

"మద్రాసు ఎల్లిపోతన్నామండి. అక్కడ బడిలో సేరుస్తానంటన్నాడు మా నాయిన. సేర్చడండి. నాకు తెల్సు."

సుభాషిణి టీచరు ఆ రాత్రి భోజనం చేయలేదు. మర్నాడు సెలవు పెట్టి, పాఠ్యపుస్తకం సంచిలో వేసుకుని, రాష్ట్ర కార్యాలయానికి బస్సెక్కింది.

డాక్టర్ కోదండపాణి ఆవిణ్ణి ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు. ఆవిడ మొదట మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. పని చేయడానికి కార్మికులు సిద్ధంగా ఉన్నారని, చేయించుకోవడానికి యజమాని సిద్ధంగా ఉన్నాడని, మధ్యలో మనం అడ్డు తొలగితే పిల్లలు బడిలో ఉంటారని చెప్పింది. పాఠం కోసం బతుకును ఆపడం పాపమని కూడా అంది.

ఆయన కళ్లు అరమోడ్చి విన్నారు. "అమ్మా, మీది మాతృహృదయం. కాని శాఖ వ్యక్తులను చూడదు, వ్యవస్థను చూస్తుంది. ఒక్క మిల్లు తెరుచుకున్నంత మాత్రాన ఒనగూడునది ఏమి? ఒక్క ఊరికి ఉపాధి. అదే మూసి ఉన్నచో, జిల్లా అంతటికీ జ్ఞానం."

దీనికి మనిషిగా జవాబు లేదని ఆవిడకు అర్థమైంది. సంచిలోంచి పుస్తకం తీసి నిరుద్యోగం పాఠం తెరిచి ఆయన ముందు పెట్టింది. పాఠం మొదటి సగం ఇదని, దీనికి ఘటన ఉన్నదని చెప్పింది. పేజీ తిప్పింది. రెండో సగం శీర్షిక 'నిరుద్యోగ నివారణ'.

"దీనికి ఘటన లేదండి. ఘటన లేనిది పాఠం కాదని మీ ఉత్తర్వు. మా మిల్లు చూసి వెళ్లిన ఏ బడిలోనూ రెండో సగం జరగలేదు. మార్చిలో పరీక్ష ఉంది. అందులో నివారణ మీద ప్రశ్న ఉంటుంది. జిల్లా మొత్తం మీద ఆ పాఠం అసంపూర్తి అని రేపు తనిఖీ బృందం రాస్తే, ఎవరిని అడుగుతారో నాకు తెలియదు."

కోదండపాణిగారు పుస్తకాన్ని దగ్గరకు లాక్కున్నారు. పేజీ ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు. ఆకలి, వలస, పిల్లల చదువు ఆయన ముఖంలో తేలేని మార్పును సగం మిగిలిపోయిన పాఠం తెచ్చింది. చెమట తుడుచుకుని, ఆవిడ ఎదుటనే ఆదేశాలు చెప్పి రాయించారు.

నిరుద్యోగ నివారణ బోధన నిమిత్తం దొంతులపేట మిల్లును దీపావళికి ముందు మంగళవారం మూడో పీరియడ్‌లో తెరవాలి. కార్మికులందరూ పనిలోకి దిగాలి. తక్కిన పాఠశాలలు దీని ఛాయాచిత్రాలతో సరిపెట్టుకోవాలి. చివరి వాక్యం ఆయన స్వయంగా, ముచ్చటపడి చెప్పారు. "తరగతిలోని చివరి విద్యార్థి వరకు సందేహ నివృత్తి జరిగినట్లు ఉపాధ్యాయురాలు నమోదు చేసిన మరుక్షణము మిల్లును యథాపూర్వముగా మూసివేయవలెను."

ఆవిడ అడిగింది మిల్లు. దొరికింది ఒక పీరియడ్. నమస్కరించి తిరుగు బస్సెక్కింది.

మంగళవారం గేటు తాళం తీశారు. కార్మికులు కొత్తచొక్కాలు వేసుకుని వచ్చారు. అంత చోద్యం చూడ్డానికి ఆడవాళ్లు చంకపిల్లలతో గేటు బయట నిలబడ్డారు. అప్పలస్వామి తన మగ్గం దగ్గరకు వెళ్లి, బూజు దులిపి, నూనె వేసి, నేలకు దణ్ణం పెట్టుకున్నాడు. మరలు ఒక్కొక్కటే తిరగడం మొదలై మిల్లంతా అదిరింది. షెడ్డు వాకిట్లో తొమ్మిదో తరగతిని వరసగా కూర్చోబెట్టారు. డాక్టర్ కోదండపాణి, త్రినాథరావు కుర్చీలలో ఆసీనులయ్యారు.

సుభాషిణి టీచరు పాఠం చెప్పింది. గొంతు పెంచి, మరల చప్పుడును మించి, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. ఆవిడ ఎంత నెమ్మదిగా చెప్పినా పాఠం అయిపోక తప్పలేదు.

"కానివ్వండి మేడమ్, అడిగేయండి" అన్నాడు త్రినాథరావు వాచీ చూసుకుంటూ.

ఆవిడ పిల్లల వైపు తిరిగింది. అర్థమైందా అని అడిగితే అర్థమైందండీ అని ఏకకంఠంతో అనడం ఈ రాష్ట్రంలో ప్రతి పిల్లకూ ఒకటో తరగతి నుంచి వచ్చిన విద్య. పాఠం వినకపోయినా అంటారు, టీచరు రాకపోయినా అంటారు. ఆవిడ వాళ్లతో ముందుగా ఏమీ చెప్పలేదు. పిల్లల చేత అబద్ధం చెప్పించడం ఆవిడ వల్ల కాదు. ఆదేశంలోని చివరి వాక్యం మాత్రం, ఆదేశాలను పిల్లలకు చదివి వినిపించడం తన విధి కనుక, కిందటి రోజు తరగతిలో చదివి వినిపించింది.

"అర్థమైందా?"

ఒక్క గొంతు లేవలేదు. వెనక వరసలో పైడితల్లి చేయెత్తి లేచింది.

"అర్థం కాలేదండి."

"ఏది అర్థం కాలేదు?"

పైడితల్లి షెడ్డులోకి చూసింది. లోపల తండ్రి వెనక్కి తిరగకుండా పని చేసుకుంటున్నాడు. "మొదట్నుంచీ అండి" అంది.

ఆ తర్వాత వరస చివర వరకు చేతులు లేచాయి. గణితంలో నూటికి నూరు వచ్చే కుర్రవాడు తనకు నివారణ అన్న మాటే అర్థం కాలేదన్నాడు. డాక్టర్ కోదండపాణి ఆందోళనగా ముందుకు వంగి, మళ్లీ చెప్పండి అన్నారు. ఆవిడ మళ్లీ చెప్పింది. మధ్యాహ్నం దాకా చెప్పింది. షిఫ్టు మారింది, రెండో జట్టు లోపలికి వెళ్లింది. సాయంత్రానికి పిల్లలకు అర్థం కాకపోవడం ఇంకా పెరిగింది. తాను రాయించిన ఆదేశాన్ని రద్దు చేయాలంటే, ఆ ఆదేశం ప్రకారం ఘటన చూపించినా పిల్లలకు పాఠం అర్థం కాలేదని తానే రాయాలి. అది రాయడానికి కోదండపాణిగారికి చెయ్యి రాలేదు. సందేహ నివృత్తి జరిగేవరకు ఘటన కొనసాగుతుందని ప్రకటించి, ఆయన కారెక్కారు.

దీపావళి మర్నాటి రైలుకు మేస్త్రీ ఒక్కడే వెళ్లాడు. సన్యాసినాయుడు టీసీ కోసం వచ్చిన దరఖాస్తులన్నిటినీ వెనక్కి ఇచ్చేశాడు, ఎవరూ అడగకుండానే. కార్తీకం గడిచింది, సంచులు లారీల్లో వెళ్తున్నాయి. నివృత్తి ఎంతవరకు వచ్చిందని పైనుంచి వారంవారం ఫోను వస్తుంది. వెనకబడిన ప్రాంతపు పిల్లలు సార్, కాలం పడుతుంది అని సుభాషిణి టీచరు శాఖవారి గొంతుతోనే చెబుతుంది. వారికి ఆ మాట మీద గట్టి నమ్మకం. అరవై ఏళ్లయినా ఎదురుచూస్తారు.

అర్ధసంవత్సర పరీక్షలో పైడితల్లి అర్థశాస్త్రంలో జిల్లాకే మొదటి స్థానంలో నిలిచింది. ఆ మార్కులు ప్రకటించిన రోజు కూడా మూడో పీరియడ్‌లో ఆవిడ అడిగింది, ఆ పిల్ల లేచింది.

"ఇవాళ కూడా అర్థం కాలేదండి."

"సరే, కూర్చో" అంది సుభాషిణి టీచరు. "రేపు మళ్లీ చెబుతాను."